ఆట అయ్యాక రామ్మా

మా చింతలమెట్ట మునిసిపాలిటీలో ఎవరూ నవ్వడం లేదన్న సంగతి పైవాళ్ళకి ఎలాగో తెలిసిపోయింది. ఏ మహానుభావుడు మోసేశాడో ఏమో! నవ్వాలని సర్వీసు రూల్సులో ఎక్కడా లేదు కాబట్టి మేమెవ్వరం ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. ఒకరోజు పొద్దున్నే సర్క్యులర్ దిగింది.

"సమావేశములు నీరసముగా జరుగుచున్నందున నిర్ణయములయందు జాప్యము సంభవించుచున్నది. కావున ఇకమీదట సమస్త పురపాలక సమావేశములను 'బల్లచుట్టు' అను వీడియో గేమునందు ఉల్లాసభరితముగా నిర్వహించవలెను. ఆట ముగిసిననే అజెండా ముగిసినట్లు. పాల్గొన్న వారందరి కాయలు పండిననే ఆట ముగిసినట్లు. ఏ ఒక్కరినీ వెనుక విడువరాదు."

చదివి గుడ్లు తేలేశాం.

నా పేరు కాంతామణి. నీటి విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. చిన్నప్పుడు మా అమ్మ, ఇరవైనాలుగ్గంటలూ ఆటలేనా, నీకు ఉద్యోగం ఎవడిస్తాడే అని తిట్టేది. పాపం, ఇప్పుడుంటే ఆ సర్క్యులర్ ఆవిడకి చదివి వినిపించేదాన్ని.

గేము నేర్పడానికి రిత్విక్ అనే కుర్రాడు వచ్చాడు. హోదా, ఉల్లాస సమన్వయకర్త. తెల్లబూట్లు, బొమ్మల చొక్కా, మాట్లాడితే చప్పట్లు. కంప్యూటర్లో ఒక గుండ్రటి బల్ల ఉంటుందట. దాని చుట్టూ మన బదులు మన బొమ్మలు కూచుంటాయట. బల్లమీద వైకుంఠపాళి, పులీమేకా, క్యారమ్స్, అష్టాచెమ్మా, ఏది కావాలంటే అది పరుచుకోవచ్చట. ఎనిమిదిమంది దాకా ఆడచ్చు. గెలిస్తే రంగుకాయితాలు కురుస్తాయి, ఓడితే టమాటాలు పడతాయి.

మొదటి సమావేశానికి మీటింగు హాల్లో నలుగురం కూచున్నాం. కమిషనర్ చక్రధరరావుగారు, ఇంజనీరు భీమశంకరంగారు, అకౌంట్స్ ఆఫీసరు మణిమాలగారు, నేను. అందరం ఒకే బల్ల చుట్టూ కూచుని, ఎవరి కంప్యూటర్లోకి వాళ్ళం దూరి, అందరం ఒకే బల్ల చుట్టూ కూచున్నట్టుండే ఇంకో గదిలోకి వెళ్ళాం. పక్కనే ఉన్న మణిమాలగారు నాకు అందులోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఏం చేస్తాం!

బొమ్మల్ని గేమే పంచిపెడుతుంది. కమిషనర్‌గారికి బాతు వచ్చింది. నల్లకళ్ళద్దాలు, చిన్న టోపీ పెట్టుకున్న తెల్లటి బాతు. భీమశంకరంగారే తేరుకుని, "హుందాగా ఉంది సార్, మీ పర్సనాలిటీకి సరిగ్గా సరిపోయింది" అన్నారు. ఆయన ఆ మాటన్నాక ఇంక తిరుగేముంది? బాతు గదిలోకి వచ్చినప్పుడల్లా మా బొమ్మలు లేచి నిలబడాలని ఆ సాయంత్రమే మెమో వచ్చింది. బాతు టోపీకంటే పెద్ద టోపీ ఎవరి బొమ్మా పెట్టుకోకూడదని మర్నాడు ఇంకో మెమో.

నీటి విభాగానికి అష్టాచెమ్మా కేటాయించారు. అజెండాలో మొదటి అంశం, సున్నంబట్టీ వీధి పైపు. మురుక్కాలవ కింద మంచినీళ్ళ పైపు పగిలింది. కాలవలోది పైపులోకి, పైపులోది కొళాయిల్లోకి వస్తోంది. కొత్త గొట్టాలు మా ఆఫీసు వెనకాలే, సైకిల్ స్టాండు పక్కన పడున్నాయి. మా అటెండరు గున్నయ్య వాటిమీదే కండువా ఆరేసుకుంటాడు. కావలసిందల్లా అంశం ముగిసిందని ఒక సంతకం. మామూలు రోజుల్లో అయితే టీ తాగేలోపు అయిపోయేది. సరే, కాదు. నెల పట్టేది. కానీ అయ్యేది.

ఆ వీధి తరఫున వచ్చేది అప్పలకొండమ్మ. మునిసిపల్ బడి పక్కన ఇడ్లీ బండి పెడుతుంది. వచ్చి నా బల్లమీద ఒక సీసా పెట్టింది. అందులో నీళ్ళు పాలు తక్కువైన టీలా ఉన్నాయి. మూత తియ్యకుండానే కంపు.

"సూడు తల్లీ, ఇయ్యే మేం తాగతన్నాం. కోడలికి ఏడో నెల. కావెర్లొచ్చి ఇప్పుడే లేచింది. మంచినీళ్ళు కాకపోతే బిడ్డకే పెమాదమని డాట్రమ్మ కేకలేసింది. పక్క వార్డునుంచి బిందెలు మోత్తన్నాను. నా నడుం ఎన్నాళ్ళు ఆగుద్ది?"

"మీటింగులో ఉందమ్మా నీ పైపు. ఆట అయ్యాక రామ్మా" అన్నాను.

"ఏ ఆటమ్మా?"

అష్టాచెమ్మా అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. "ఆఫీసు ఆటలే" అని పంపేశాను.

అష్టాచెమ్మా తెలియనివాళ్ళు ఉంటారేమో, ఒక్కమాట. గవ్వలేసి, పడినన్ని గడులు కాయల్ని బయటివరసలో తిప్పుతాం. లోపలి వరసలోకి వెళ్ళాలంటే ముందు ఎదుటివాళ్ళ కాయని ఒక్కదాన్నైనా చంపాలి. చంపకపోతే ఎన్ని చుట్లు తిరిగినా బయటే. లోపలికెళ్ళి నడిగడి చేరితే కాయ పండినట్టు. అంతే ఆట.

మొదటిరోజే నా ఖర్మకాలి చెమ్మా పడింది. అంటే నాలుగు. నాలుగో గడిలో ఎవరున్నారయ్యా అంటే, కమిషనర్‌గారు. ఆ గేములో కాయని చంపితే ఊరికే చావదు. నా బొమ్మ ఒక కోతి. అది లేచి, ఎక్కడినుంచో అప్పడాలకర్ర తీసి, బాతు నెత్తిమీద టంగుమని ఒక్కటిచ్చింది. కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. బాతు బావురుమని ఏడుస్తూ దొర్లుకుంటూ మొదటిగడికి పోయింది. నాలుగు కంప్యూటర్లలోనూ చప్పట్లు. రిత్విక్ కూడా చప్పట్లు కొట్టాడు, పిచ్చి సన్నాసి.

సాయంత్రానికి నాకు మెమో. "తమరు ఉన్నతాధికారి వారి కాయను వధించి, వారిని ప్రారంభస్థానమునకు పంపియున్నారు. ఇందులకు తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో వివరణ ఇవ్వవలెను."

"గవ్వలు నాలుగు పడినందున వధ అనివార్యమైనది" అని రాశాను. ఒళ్ళు మండిపోయి రాశాను.

"గవ్వలదేముందమ్మా, కాయ జరిపింది నువ్వు కదా" అన్నారు కమిషనర్‌గారు నన్ను పిలిచి. "నాకు వ్యక్తిగతంగా ఏమీ లేదు. ఆ కుర్చీకో గౌరవం ఉంది. ఆ బాతుకో గౌరవం ఉంది."

మర్నాడు 'కాయల సీనియారిటీ ఉత్తర్వు' వెలువడింది. కింది హోదా కాయ పై హోదా కాయను చంపరాదు. పైవారున్న గడి తగిలిన, ఒక గడి వెనుకనే ఆగి నమస్కరించవలెను. ఇదివరకు జరిగిన అట్టి వధ చెల్లదు. రిత్విక్ దాన్ని గేములో పెట్టేశాడు. ఇంక అప్పట్నుంచి ఆట మహా మర్యాదగా సాగింది. కమిషనర్‌గారు భీమశంకరంగారి కాయని చంపారు. "అద్భుతంగా కొట్టారు సార్" అని ఆయన నెత్తి తడుముకున్నారు. ఆయన మణిమాలగారిని చంపారు. మణిమాలగారు నన్ను చంపింది, చంపి "సారీ కాంతామణీ, రూలు" అంది. వాళ్ళు ముగ్గురూ లోపలికి వెళ్ళిపోయి, హాయిగా పండిపోయారు. రంగుకాయితాలు కురిశాయి.

నేను మిగిలాను. బయటివరసలో ఒక్కదాన్నీ నాలుగు కాయలేసుకుని తిరుగుతున్నాను. చంపడానికి నాకంటే తక్కువవాళ్ళు ఎవరూ లేరు. చంపందే లోపలికి పోను. పోందే పండను. నేను పండందే ఆట అవ్వదు. ఆట అవ్వందే పైపు లేదు. ఇంట్లో మా ఆయన, "ఇవాళ ఆఫీసులో ఏం చేశావు?" అంటే, "గానుగ తిప్పాను" అన్నాను.

అప్పలకొండమ్మ మళ్ళీ వచ్చింది. ఇంకో సీసా తెచ్చింది. అందులో ఏదో ఈదుతోంది.

"ఆటవ్వలేదా తల్లీ?"

"నావల్లే ఆగిందమ్మా" అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపుకి తల ఎత్తలేకపోయాను.

అత్యవసర సమావేశం పెట్టారు. అంటే, కంప్యూటర్లు లేకుండా నడవాలో నిలబడి మాట్లాడుకున్నాం. కాంతామణికన్నా కింది హోదావాళ్ళని ఆటలోకి దించాలని తేల్చారు. అటెండరు గున్నయ్యని కూచోబెట్టారు. అతను కంప్యూటరుకి దణ్ణం పెట్టి మొదలుపెట్టాడు. నేను అతని కాయని చంపాను, పండాను. గున్నయ్య మిగిలిపోయాడు. అతనికోసం పంపుహౌసునుంచి అవుట్‌సోర్సింగు మనిషి కూర్మారావుని పట్టుకొచ్చారు. గున్నయ్య అతన్ని చంపి పండాడు. కూర్మారావు మిగిలాడు. అతను పంపుహౌసులో లేకపోవడంతో ఊరంతా నీళ్ళు ఆగిపోయాయి. ఆ అంశాన్ని అజెండాలో రెండోదిగా చేర్చారు.

"నాకన్నా కింద ఎవరూ లేరండి. నాది పర్మనెంటు కూడా కాదు" అన్నాడు కూర్మారావు.

అప్పుడు రిత్విక్ చప్పట్లు కొట్టాడు. "సర్, పబ్లిక్!"

కమిషనర్‌గారి మొహం వెలిగిపోయింది. "భేష్! పాలనలో ప్రజల భాగస్వామ్యం!" అన్నారు.

అలా అప్పలకొండమ్మని పిలిపించారు. పౌరుల బదులు ఇంకెవరో ఆడేసే అక్రమం జరక్కుండా, ఆవిడ గవ్వలు ఆవిడ వేలిముద్రతోనే పడేలా చిన్న యంత్రం బిగించారు. బొటనవేలు పెడితే గవ్వలు దొర్లుతాయి. ఆవిడకి కప్ప బొమ్మ వచ్చింది. కూర్మారావు, "సెమించు అప్పా" అని చెప్పి కప్పని అప్పడాలకర్రతో కొట్టి, లోపలికెళ్ళి పండిపోయాడు. సిబ్బంది మొత్తం పండాం. ఒకళ్ళకొకళ్ళం స్వీట్లు తినిపించుకున్నాం.

"బావుంది బాబూ. అందరూ నన్ను కొట్టి ఒడ్డెక్కీసినారు. మరి నానెవుల్ని కొట్టాల?" అంది అప్పలకొండమ్మ.

నేను లడ్డూ పక్కన పెట్టేశాను. బోర్డుమీద ఆవిడ కాయలు తప్ప ఇంకేమీ లేవు. బయటివరసలో కప్ప ఒక్కతే గెంతుతోంది.

ఇంతలో పిడుగులాంటి వార్త. 'ఉల్లాస పురపాలక' పురస్కారానికి మా ఊరు పరిశీలనలో ఉందట. రాజధానినుంచి డైరెక్టరుగారు ఎల్లుండే వస్తున్నారట. పురస్కారం వస్తే కమిషనర్‌గారికి ప్రమోషను ఖాయం. కానీ డైరెక్టరుగారు వచ్చేసరికి ఒక్క ఆటైనా ముగిసుండాలి! పట్టణ ప్రణాళికవాళ్ళు వైకుంఠపాళిలో పెద్దపాము నోట్లో ఉన్నారు. పన్నుల విభాగంలో పులిగా ఉంటామని అందరూ, మేకగా ఉంటామని ఒక్కరూ లేక ఆట మొదలే కాలేదు. దిక్కు మేమే.

ప్రజలకంటే కింది హోదా ఏదని న్యాయసలహాదారుని అడిగారు. ఆయన పుస్తకాలన్నీ తిరగేసి అభిప్రాయం పంపాడు. "ప్రజాస్వామ్యమున ప్రజలే ప్రభువులని గౌరవ కమిషనర్‌వారు గత జెండావందన ఉపన్యాసములో స్వయముగా సెలవిచ్చియున్నారు. కావున పౌరురాలి హోదా కమిషనర్‌వారి హోదాకంటె ఉన్నతమైనది. ఆమె ఎవరినైనను వధింపవచ్చును."

కమిషనర్‌గారు ఆ కాయితం అటూ ఇటూ తిప్పి చూశారు. ఉపన్యాసం రాసిచ్చింది ఎవరని అడిగారు. నేనే రాశాను, నోరు మూసుకున్నాను.

ఎవరి కాయైనా ఒకటి మళ్ళీ బోర్డుమీదికి రావాలి. భీమశంకరంగారు నడుంనొప్పని సెలవు పెట్టేశారు. మణిమాలగారు తన కాయలు పండినట్టు ఆడిట్ అయిపోయిందంది. గున్నయ్య, కూర్మారావు టాయిలెట్లో దాక్కున్నారు. నేను బల్లకింద చెప్పు వెతుక్కుంటూ ఉండిపోయాను. చివరికి ప్రమోషనుకోసం కమిషనర్‌గారే లేచారు. బాతు బిక్కుబిక్కుమంటూ నడిగడిలోంచి బయటికి వచ్చి, తల వంచుకుని నిలబడింది.

అప్పలకొండమ్మ బొటనవేలు పెట్టింది. కప్ప అప్పడాలకర్ర ఎత్తింది.

అబ్బ! ఆ దెబ్బ! ఉన్నమాట చెప్పాలి కదా, బల్లకింద నాకు ప్రాణం లేచొచ్చింది. కిటికీలో వేలాడుతున్న పక్క సెక్షనువాళ్ళు ఈల వేశారు. మా ఆఫీసులో మనుషులు మనసారా నవ్వింది ఆ ఒక్కరోజే. సర్క్యులర్ ఆశయం ఆ క్షణాన నెరవేరింది.

ఆ తర్వాత బాతు మళ్ళీ చుట్టు తిరిగొచ్చి పండింది, ఆవిడ కాయలూ చకచకా పండాయి. ఒక్కటి మిగిలింది. నడిగడికి ఒక్కటంటే ఒక్క గడి దూరం. ఇంక పొరపాటు జరక్కుండా, ఏం వేసినా ఒకటే పడేలా రిత్విక్ గేమునే సర్దేశాడు. బొటనవేలు ఒక్కసారి ఆనించడమే తరువాయి.

అప్పలకొండమ్మ బొటనవేలికి కొంగు చుట్టుకుంది.

"ఏమ్మా, వెయ్యి" అన్నారు కమిషనర్‌గారు.

"పైపు ఏయించండి బాబూ, ఏత్తాను."

"ఆట అయితేగానీ పైపు వెయ్యడానికి లేదమ్మా. నిబంధన."

"పైపు ఏత్తేగానీ ఆటవ్వదు బాబూ. ఇదీ అలాటిదే" అంది ఆవిడ. అని, కాళ్ళు బారజాపుకుని గోడకి చేరగిలబడింది. "కూకుందాం. నాకేటి తొందర? పిండి పొద్దున్నే రుబ్బీసుకున్నాను."

బతిమాలారు. రాజ్యాంగం చదివి వినిపించారు. పోలీసుల్ని పిలుస్తామన్నారు. అప్పుడు న్యాయసలహాదారు పరుగెత్తుకొచ్చి కమిషనర్‌గారి చెవిలో, ఆవిడ ఇప్పుడు మీ పై అధికారి సార్ అని గుర్తుచేశాడు. కమిషనర్‌గారు కూలబడ్డారు.

భీమశంకరంగారి నడుంనొప్పి ఒక్క ఫోనుతో తగ్గిపోయింది. సైకిల్ స్టాండు పక్కన గొట్టాలమీంచి గున్నయ్య కండువా తీసేశారు. మంజూరు లేదు, సంతకం లేదు, ముగిసిన అంశం లేదు. కమిషనర్‌గారు స్వయంగా గొడుగేసుకుని కాలవగట్టున నిలబడ్డారు. మర్నాటి సాయంత్రానికల్లా సున్నంబట్టీ వీధిలో కొళాయి తిప్పితే గాజులాంటి నీళ్ళు. అప్పలకొండమ్మ కోడలు, ఆ పెద్ద పొట్టేసుకుని గుమ్మంలోకి వచ్చి, దోసిలి పట్టి తాగింది. నేనక్కడే ఉన్నాను. ఏడుపొచ్చింది నాకు. ఆ సీసాలు బల్లమీద పెట్టుకుని ఎన్నాళ్ళు కోతిని తిప్పాను!

మూడోరోజు డైరెక్టరుగారు వచ్చేశారు. హాలునిండా పూలు. కమిషనర్‌గారు చేతులు జోడించి, "అమ్మా, పైపు వేశాం. ఇప్పుడు వెయ్యి" అన్నారు.

అప్పలకొండమ్మ యంత్రందాకా వెళ్ళింది. చెయ్యి ఎత్తింది. ఆవిడ ఆగి, కమిషనర్‌గారి వంక తిరిగింది.

"ఒక్కమాట సెప్పు బాబూ. ఆటయిపోతే మీరు మళ్ళీ మా ఈదికి వత్తారా?"

అబద్ధమాడని మనిషని అనను, కానీ ఆ క్షణాన ఆయనకి ఆడటానికి ఏదీ తట్టలేదు.

"ఆట నడుత్తన్నాదనే కదా వచ్చినారు. అయితే ఇది అవ్వకూడదు" అంటూ ఆవిడ చెయ్యి దించేసి, బొటనవేలు మళ్ళీ కొంగులో దాచుకుంది. "మా ఈదిలో లైట్లు కూడా లేవు బాబూ."

డైరెక్టరుగారు కనుబొమలు ముడిచారు. "ఏమిటిది?"

కమిషనర్‌గారు మా కమిషనర్‌గారే. క్షణంలో సర్దుకున్నారు. "సార్, ప్రజల భాగస్వామ్యము మా పట్టణమున ఎంత గాఢముగా ఉన్నదనగా, సమావేశము నిరంతరాయముగా కొనసాగుచున్నది" అన్నారు. డైరెక్టరుగారు పులకించిపోయారు. 'నిరంతర ఉల్లాస' అని కొత్త విభాగం పెట్టి మరీ పురస్కారం ఇచ్చేశారు. ప్రమోషను మాత్రం, ఆట ముగిశాక పరిశీలిస్తామన్నారు.

అప్పట్నుంచీ ఆ కంప్యూటరు ఆర్పడం లేదు. దానికోసం ప్రత్యేకంగా జనరేటరు పెట్టారు. పొరపాటున ఎవరి వేలూ తగలకుండా యంత్రానికి గాజుపెట్టె, గాజుపెట్టెకి కాపలాగా గున్నయ్య. సున్నంబట్టీ వీధిలో లైట్లు వెలిగాయి. కాలవమీద పలకలు పడ్డాయి. కోడలికి ఆడపిల్ల పుట్టింది, బంగారంలాంటి పిల్ల. బారసాలకి కమిషనర్‌గారు వెండిగిన్నె పట్టుకెళ్ళి, పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, "మీ మామ్మకి చెప్పవే" అని గారం చేశారట. పక్క వీధులవాళ్ళకీ సంగతి తెలిసిపోయింది. జనం మా ఆఫీసుకి రావడం మానేసి, ఇడ్లీ బండి దగ్గర నిలబడుతున్నారు.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన వారం మా ఇంట్లో కొళాయి తిప్పితే టీ వచ్చింది. పాలు తక్కువైన టీ. నీటి విభాగంలో సీనియర్ అసిస్టెంటుని నేను! భీమశంకరంగారి గదిలోకి దూసుకుపోయి సీసా ఆయన ముందు పెట్టాను. ఆయన నాకేసి జాలిగా చూసి, "ఇప్పుడు నా చేతుల్లో ఏముందండీ? ఆవిడ చెబితే నిమిషంలో చేయిస్తాను" అన్నారు.

సీసా సంచిలో పెట్టుకుని బడి పక్కకి వెళ్ళాను. అప్పటికే వరసలో బోలెడుమంది. మణిమాలగారు కూడా ఉంది, నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకుంది. నా వంతు వచ్చింది. అప్పలకొండమ్మ సీసా అందుకుని, ఎండకి ఎత్తి చూసి, తన బండిమీద ఒక పక్కగా పెట్టింది. అక్కడ అలాంటి సీసాలు చాలా ఉన్నాయి. ఆకులో రెండు ఇడ్లీలు పెట్టి, పచ్చడేసి, ప్రేమగా నా చేతిలో పెట్టింది.

"తిను తల్లీ, ఏడిగున్నాయి" అంది. "నీ పైపు సంగతి నా మనసులో ఉన్నాది. ఆట అయ్యాక రామ్మా."